కొలవని వాగుకు వరద లెక్క
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో అయిదు నిమిషాలు మైకే తినేసింది. కనుక నేరుగా విషయానికి వస్తాను.

నీటిపారుదలలో పనిచేసినన్నాళ్లూ నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. పెన్నకు గేజీలున్నాయి. మరి కావలి నుంచి తడ దాకా మన తీరంలో పారే చిన్న వాగుల సంగతేమిటి? వాటిలో చాలావాటి ప్రవాహం ఎవరూ కొలవలేదు. అయినా వంతెన కట్టాలన్నా, చెరువుకు కలుజు వెయ్యాలన్నా ఎంత వరద వస్తుందో ముందు ఒక అంకె కావాలి.

మద్రాసు రాజధాని కాలంలో, 1884లో, రైవ్స్ అనే ఇంజనీరు ఒక సూత్రమిచ్చాడు. పరీవాహక ప్రాంతాన్ని బట్టి వరద కట్టడమే దాని పని. అందులోని గుణకం తీరానికి 80 కిలోమీటర్ల లోపు 6.8, ఆపైన 160 దాకా 8.5, కొండల దగ్గర కొన్ని చోట్ల 10.2. చదవడానికి బాగానే ఉంది. వెలిగొండల కింద, రాపూరు దగ్గరి వాగును తీసుకోండి. అది తీరానికీ దగ్గరే, కొండకూ దగ్గరే. పరీవాహకం 64 చదరపు కిలోమీటర్లు అనుకుంటే మొదటి గుణకంతో సుమారు 3,840 క్యూసెక్కులు, చివరిదానితో 5,760. ఒకే వాగుకు ఒకటిన్నర రెట్ల తేడా! ఫైలుకు మాత్రం ఒక్క అంకే కావాలి.

కంప్యూటరు వచ్చాక ఈ బాధ తీరిందనుకున్నారు. తీరలేదు. వానమాపకం ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి చూస్తారు. ఆ వాన మూడు గంటల్లో పడిందో, రాత్రంతా పడిందో అది చెప్పదు. వాగుకు కావలసింది ఆ సంగతే.

ఇంకో చిక్కుంది. మొదటి వానకు వాగులో నీరు తక్కువ వచ్చిందనుకోండి. నేల పీల్చుకుందని ఒక లెక్క, పైనున్న గొలుసు చెరువులు పట్టుకున్నాయని మరొక లెక్క. రెండూ కొలతకు సరిపోతాయి. రెండో తుఫానుకు బయటపడుతుంది అసలు తేడా. ఇసుక నేల వారంలో ఎంతో కొంత ఆరుతుంది, నిండిన చెరువు ఖాళీ కాదు. వచ్చిన నీరు వచ్చినట్టే కలుజుల మీదుగా దిగుతుంది. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది గనుక ఇది మాటవరసకు చెబుతున్నది కాదు.

1992లో ఇంగ్లండుకు చెందిన బెవెన్, బిన్లే అనే శాస్త్రజ్ఞులు చెప్పిన పద్ధతి నాకు నచ్చుతుంది. ఒక్క లెక్కనే పట్టుకుని కూర్చోవద్దంటారు వారు. తెలిసిన కొలతలకు సరిపడే లెక్కలన్నిటినీ నడిపి, వరద ఇంత నుంచి ఇంత దాకా ఉండవచ్చని చెప్పమంటారు. పై అంకెకు ఎంత ఖర్చు పెట్టాలో, కింది అంకెను నమ్మితే ఏ ఊరికి ప్రమాదమో అప్పుడు తేల్చుకోవచ్చు.

ప్రమాదమంటే ఏమిటో 2021లో చూశాం. నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టుకు స్పిల్‌వే పంపగలిగినదానికన్నా ఎక్కువ నీరు వచ్చింది. మట్టికట్ట కొట్టుకుపోయింది, దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే ఇక్కడ పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది.

ఇక మీతో పని. కలుజు అంటే మనకు తెలియకుండానే పెట్టుకున్న గేజీ. వంద అడుగుల కలుజు మీద నీరు మోకాటి లోతున, అంటే అడుగున్నర, పారితే దాదాపు 550 క్యూసెక్కులు. తొడ దాకా, రెండున్నర అడుగులు పారితే 1,190. మోకాలో తొడో సరిగా గుర్తు లేకపోయినా, అక్కడ మూడు వేలు వచ్చాయనే లెక్కను నిశ్చింతగా కొట్టెయ్యవచ్చు. కంప్యూటరు చెయ్యలేని పని మన నీరుగంటి జ్ఞాపకం చేస్తుంది.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాను. మీ ఊరి చెరువు పేరు, ఏడాది, కలుజు మీద ఎంత నీరు పారిందో, గుడి గోడ మీద గుర్తేమైనా ఉందో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లనూ అడగండి. కచ్చితంగా గుర్తు లేకపోతే పక్కన ‘సుమారు’ అని రాయండి. ఆ మాటకూ లెక్కలో చోటుంది. కాఫీకి వెళ్లేముందు రాస్తే మరీ సంతోషం.