వేసవి తరగతులు పిల్లలెందుకు మానేస్తున్నారు?

(వార్షిక సభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించారు. ఏటేటా ఈ వేదిక మీద ఎన్ని స్కాలర్‌షిప్పులు ఇచ్చామో, ఎన్ని నోటుపుస్తకాలు పంచామో చెప్పుకొని చప్పట్లు కొట్టించుకొంటున్నాము. ఈసారి మాత్రం మనం సరిగా చేయలేకపోయిన పనిని గురించి మనవి చేయదలచాము. వినడానికి కొంచెం చేదుగా ఉంటుంది. పెద్దలు మన్నించాలి.

ఇక్కడ గుంటూరులో మన సంఘం డిగ్రీ పిల్లల కోసం వేసవిలో ఆరు వారాల తరగతులు నడుపుతున్న సంగతి మీకందరికీ తెలుసు. ఇంగ్లీషు, కంప్యూటరు, ట్యాలీ నేర్పుతున్నాము. ఫీజు లేదు. మొదటి రోజు బెంచీలు చాలక షాదీఖానా నుంచి కుర్చీలు తెప్పిస్తాము. మూడో వారానికి ఆ కుర్చీలు తిరిగి పంపించేస్తాము. ఐదో వారానికి ముందు రెండు బెంచీల్లోనే పిల్లలుంటారు. మాస్టారు మాత్రం పాపం గది నిండా ఉన్నట్టే గట్టిగా పాఠం చెబుతుంటారు.

ఎందుకిలా అని అడిగితే మనలో చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదండీ, ఎంతసేపూ సెల్‌ఫోనే" అంటారు. ఇంకొందరు వేసవిలో రంజాన్ వస్తుంది కదా అంటారు. 2018, 2019 సంవత్సరాల్లో ఆ మాట నిజమే, ఉపవాసాలు మే నెలలోనే మొదలయ్యాయి. కాని చాంద్రమాన సంవత్సరం పది పదకొండు రోజులు చిన్నది గనుక రంజాన్ ఏటేటా ముందుగా వస్తూ 2025లో మార్చికే వచ్చేసింది. బెంచీలు మాత్రం మేలో ఖాళీ అవుతూనే ఉన్నాయి. కనుక ఆ సాకు చెల్లదు.

మేము కూడా మొన్నమొన్నటిదాకా పిల్లలకు శ్రద్ధ లేదనే అనుకొన్నాము. అనుకొని ఊరుకొన్నా బాగుండేది. గత వేసవిలో మానేసినవారి పేర్ల పట్టిక రాసి ఆఫీసు గోడకు అంటించాము. సిగ్గుపడి తిరిగి వస్తారని మా ఆలోచన. ఒక్కరూ రాలేదు. అప్పుడు మాలో నలుగురం బయలుదేరి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాము. మొదట చేయవలసిన పని చివర చేశామన్నమాట.

ఒక ఇంట్లో బి.కామ్. రెండో సంవత్సరం చదివే కుర్రవాడు పొద్దున పదకొండయినా నిద్రపోతున్నాడు. చూశారా, మనం అనుకొన్నదే నిజమని ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. వాళ్ళ అమ్మ చాయ్ తెచ్చి పెట్టి, "రాత్రంతా కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు మోసి తెల్లారి వచ్చాడు భాయ్. వాళ్ళ అబ్బాకు నడుము పడిపోయింది. చెల్లెలి ఇంటర్ ఫీజు వాడే కట్టాలి" అన్నది. ఆ చాయ్ మా గొంతు దిగలేదు. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోగా నాలుగు రాళ్ళు వెనకేసుకోకపోతే ఆ ఇల్లు గడవదు. మన తరగతి ఉచితమే కావచ్చు. కాని అలాంటి పిల్లవాడు తరగతికి వచ్చిన ప్రతి రోజూ ఒక కూలి పోగొట్టుకొంటున్నాడు. ఈ లెక్క మనకు తట్టలేదు.

ఇంకో ఇంట్లో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి. మన తరగతులు సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు. ఎండ తగ్గాక పెడితే సుఖమని మనం అనుకొన్నాము. ఆ పిల్ల బస్సు దిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. తండ్రి వద్దన్నాడు, పిల్ల మానేసింది. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. ఆ పెద్దమనిషి తరువాత చెప్పిన మాట వినండి. "మీరు గోడ మీద మా అమ్మాయి పేరు రాశారు. మా బంధువులు చూసి, సంఘంవాళ్ళే పేరు కొట్టేసిన పిల్లకు ఇంకా చదువెందుకన్నారు. సంబంధాలు చూస్తున్నాము భాయ్."

మా దగ్గర జవాబు లేదు. పట్టిక చింపేశామని, తప్పు మాదేనని చెప్పుకొన్నాము. రెండు మూడుసార్లు వెళ్ళి బతిమాలాము. చివరకు ఆ అమ్మాయి మూడో సంవత్సరంలో చేరింది. అది మా గొప్ప కాదు, వాళ్ళ అమ్మ పట్టుదల. కాని మన సంఘం అంటించిన ఒక కాగితం వల్ల ఒక పిల్ల చదువు ఆగిపోబోయిందన్న మాట మాత్రం మనం మరచిపోకూడదు.

మరికొన్ని కారణాలు కాలేజీల పద్ధతిలోనే ఉన్నాయి. మన రోజుల్లో ఏడాదికొక్కసారే పరీక్షలు, అవి అయిపోతే జూన్ దాకా బాదరబందీ లేదు. 2015-16 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టరు పద్ధతి వచ్చింది. పరీక్షలు ఒక్కోసారి ఏప్రిల్ దాటి మేలోకి పాకుతాయి. 2020-21లో వచ్చిన పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరం తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత ఇంటర్న్‌షిప్ చేయాలని పెట్టారు. వాటికీ ఈ సెలవులే. వాటికి మార్కులున్నాయి, మన తరగతికి లేవు. పిల్లలు ఏది వదులుతారు? మనం మాత్రం పాత అలవాటు ప్రకారం తేదీలు వేసి కరపత్రాలు పంచుతున్నాము.

ఇంకో చిన్న లెక్క. కాలేజీలో సెమిస్టరంటే తొంభై పనిదినాలు, అంటే పదిహేను వారాలు. అందులో ఒక వారం మేనమామ ఇంట పెళ్ళికి పోయినా పదిహేనో వంతు పాఠమే పోతుంది. మన ఆరు వారాల తరగతిలో అదే వారం పోతే ఆరో వంతు పోయినట్లు. వేసవి మనకు పెళ్ళిళ్ళ కాలమాయె. తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. అడగడానికి మొగమాటం. మర్నాడు రాడు. పైగా ట్యాలీ తరగతిలో కామర్స్ పిల్లల పక్కనే డెబిట్, క్రెడిట్ అంటే ఏమిటో తెలియని బి.ఎస్సీ. పిల్లలను కూర్చోబెట్టాము. వాళ్ళు రెండో వారంలోనే మునిగిపోయారు.

నిజంగా బద్ధకంతో మానేసినవారు లేరని మేమనడం లేదు. ఉన్నారు. వాళ్ళను మందలించడానికి తల్లిదండ్రులున్నారు, మేమూ ఉన్నాము. కాని అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

కాబట్టి ఈ సభ ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాము. తేదీలు వేసే ముందు కాలేజీల పరీక్షల పట్టిక, ఇంటర్న్‌షిప్ తేదీలు కనుక్కోవాలి. తరగతులు పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు పెడితే ఆడపిల్లలు ఎండ ముదరక ముందే, వెలుగుండగానే ఇల్లు చేరుతారు. రాత్రి పని చేసే కుర్రవాళ్ళకు వేరే ఒక బ్యాచి సాయంత్రం ఉండనివ్వండి. ఆరు వారాల పాఠాన్ని రెండేసి వారాల మూడు భాగాలుగా చేసి, ఏ భాగానికి ఆ భాగం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక భాగం తప్పినవాడు మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టుకొంటాడు. లెక్కలు తెలియనివారికి ట్యాలీ ముందు వారం రోజులు అకౌంట్స్ ఓనమాలు చెప్పాలి. స్కాలర్‌షిప్ నిధిలో కొంత తీసి, కూలి మానుకొని వచ్చే పేద పిల్లలకు దినభత్యంగా ఇవ్వాలని మా ప్రార్థన. అది దానం అనుకోకండి, వాళ్ళ నష్టపరిహారం అనుకోండి.

చివరి మాట. ఏ పిల్లవాడైనా మూడు రోజులు వరుసగా రాకపోతే నాలుగో రోజున మనలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి. "ఎందుకు రాలేదు?" అని నిలదీయడానికి కాదు, "ఏం బేటా, ఇంట్లో అంతా బాగేనా?" అని పలకరించడానికి. దీనికి డబ్బు అక్కరలేదు, ఓపిక కావాలి. వచ్చే వేసవికి ఈ పనికి ముందుకు వచ్చేవారు సభ కాగానే తమ పేర్లు మాకివ్వవలసిందని కోరుతున్నాము. ఆ పేర్ల పట్టికను మాత్రం ఆఫీసు గోడకు సంతోషంగా అంటిస్తాము.