మనల్ని లెక్కపెట్టే ప్రశ్నలు
(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది సర్వేలకు జవాబులిచ్చినవాళ్లం, సర్వేలు చేసినవాళ్లం కూడా. పటమటలోనైనా పెడనలోనైనా గుమ్మంలో నిలబడి అడిగే ఆ నాలుగు ప్రశ్నలే షాంపూ పొట్లం ధర దగ్గర్నుంచి ప్రభుత్వ పథకాల దాకా ప్రభావితం చేస్తాయి. అందుకే జవాబుల కంటే ముందు ప్రశ్నల్ని పరిశీలిద్దాం.

1988లో మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా పట్టణ కుటుంబాలను 'ఏ' నుంచి 'ఇ' వరకు తరగతులుగా విభజించింది. కొలబద్దలు రెండే: ఇంటి ప్రధాన సంపాదనపరుడి చదువు, వృత్తి. 2011లో వృత్తి స్థానంలోకి ఇంట్లో ఉన్న వస్తువులు వచ్చాయి. ఫ్యాను, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వ్యవసాయ భూమి వగైరా 11 అంశాలు. భూమి ఉందా అని అడుగుతారు. పట్టా ఎవరి పేరున ఉందో అడగరు. ఇంట్లో ఎక్కువ చదివిన స్త్రీ చదువు లెక్కలోకి వచ్చింది ఆ తర్వాతి వర్గీకరణలోనే. అంతవరకూ మార్కెట్‌కు స్త్రీ కొనే చెయ్యి మాత్రమే, కుటుంబ స్థాయిని నిర్ణయించే మనిషి కాదు.

ప్రభుత్వ లెక్కలైనా మెరుగ్గా ఉన్నాయా? జనగణనలో ఏడాదికి 183 రోజులు పని చేస్తేనే 'ప్రధాన శ్రామికులు'. డెల్టాలో వరి నాట్లు, కలుపు, మినుము తీత సీజన్ పనులు. వాటి మధ్య గేదెలు, గడ్డి, పిడకలు. పెడనలో మగ్గం భర్తది, కండెలు చుట్టేది భార్య. "మీరేం చేస్తారమ్మా?" అంటే "ఇంట్లోనే ఉంటానండీ" అంటుంది. అక్కడితో ఆమె శ్రమ మాయం. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. రోజంతా ఏం చేశారో గంటగంటకూ అడిగారు కాబట్టే ఈ తేడా బయటపడింది.

ఇప్పుడు అభిప్రాయ సేకరణ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 83.6 శాతం భర్త కొట్టడాన్ని సమర్థించారు. పత్రికలన్నీ రాశాయి. "చూశారా, ఆడవాళ్లే ఒప్పుకుంటున్నారు" అని మనల్ని ఎద్దేవా చేసినవాళ్లూ ఉన్నారు. అడిగిన తీరు చూడండి. చెప్పకుండా బయటికి వెళ్తే, వంట సరిగా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఇలా ఏడు కారణాలు చదువుతారు. ఒక్కదానికి తలూపినా ఆ శాతంలో చేరినట్టే. కొట్టకుండా ఉండే మగవాణ్ణి చూడని మనిషికి 'న్యాయమేనా' అన్న ప్రశ్నా, 'మామూలేనా' అన్న ప్రశ్నా ఒకటిగానే వినిపించవచ్చు. అలాగని ఆ అంకెను కొట్టిపారేయలేం. పితృస్వామ్యం మన మనసుల్లో ఎంత లోతుగా పాతుకుందో అది చెబుతోంది. అది మన పనికి మొదలు, మన వాదానికి ఓటమి కాదు.

ఒంటరిగా గుమ్మంలో ఇచ్చే జవాబు వేరు, పదిమందితో కూర్చున్నప్పుడు పుట్టే ఆలోచన వేరు. 1992కి ముందు దూబగుంట స్త్రీలను ఒక్కొక్కరినే అడిగి ఉంటే, సారా దుకాణం మూయించగలమని ఎంతమంది అనేవారు? 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. అభిప్రాయం రాయి మీద గీత కాదు, ఉద్యమంలో మారుతుంది.

ప్రశ్నలు కూడా మారతాయి. జీతం లేని పొలం పని, కుటుంబ వృత్తిలో పని కూడా పనేనని జనగణన ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చింది 1991లో. దాని వెనుక మహిళా సంఘాల ఒత్తిడి ఉంది.

కాబట్టి ఏ సర్వే అంకె చేతికొచ్చినా ముందు ప్రశ్నాపత్రం అడగండి. ఎవరిని అడిగారు, పక్కన అత్తగారో భర్తో ఉన్నారా, డబ్బు ఎవరిచ్చారు, ఏది అడగలేదు అని చూడండి. మన సంఘాలు సర్వే చేసినప్పుడు "మీరేం చేస్తారు?" అని ఆపకుండా "పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా" అనండి. వచ్చిన లెక్కను తీసుకెళ్లి ఆ వీధి స్త్రీల ముందే చదవండి. అది ముందు వాళ్లది, తర్వాతే మన నివేదికది.