వేలు మనది, లెక్క అడిగే హక్కూ మనదే
(రామాయంపేటలో తండాల అక్కలు, అన్నలతో మాట్లాడిన మాటల పాఠం)



ముందుగాల ఒక్క మాట అడుగుత. ఈ నెలలో మీ వేలు ఎన్నిసార్లు మిషిన్ మీద పెట్టిండ్రు? రేషన్ దుకాణంలో ఒకసారి. పింఛన్ కాడ ఒకసారి. ఉపాధి కూలి పైసలు తీసేటప్పుడు ఒకసారి. పెట్టిన ప్రతిసారి రశీదు తీసుకున్నరా? చాలామంది తలకాయ అడ్డం ఊపుతరు. నాకు తెలుసు.

మన తాతలు కూడా వేలిముద్ర పెట్టిండ్రు. షావుకారి తెల్ల కాయిదం మీద పెట్టించుకునేటోడు. దాని మీద ఏం రాసుకున్నడో చెలక పోయినంక తెలిసేది. ఆ కాయిదం పోయి మిషిన్ వచ్చింది. "ఏం రాసుకున్నవ్?" అని అడగకపోతే నష్టం అప్పుడూ మనకే, ఇప్పుడూ మనకే.

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాలో ఒక సంగతి బయటపడ్డది. సిమ్ కార్డులు అమ్మే ఒకాయన భూముల రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకున్నడు. వాటి మీద ఆధార్ నంబరు ఉన్నది, వేలిముద్ర ఉన్నది. ఆ ముద్రలను రబ్బరు మీదికి ఎక్కించి వేల సిమ్ కార్డులు చాలు చేసిండు. ఆ భూములోళ్లు చేసిన తప్పేంది? రిజిస్ట్రేషన్ చేయించుకున్నరు, అంతే. తర్వాత ఇదే తీరుగ బ్యాంకు ఖాతాల నుంచి పైసలు తీసిన ముఠాలు కూడా దొరికినయి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటం. వేలు మార్చుకోలేం కదా.

అందుకే మూడు పనులు చేయండి.

ఒకటి, వేలిముద్రకు తాళం వేయండి. ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ ఉంటది. పైసలు తీసేటప్పుడు, రేషన్ తెచ్చేటప్పుడు తెరవాలె, మళ్ల వేయాలె. దీనికి మీ ఫోన్ నంబరు ఆధార్‌కు కలిసి ఉండాలె. అనుమానం ఉంటే 1947కు ఫోన్ చేసి అడగండి.

రెండు, జిరాక్స్ ఊరికే ఇయ్యకండి. మాస్క్‌డ్ ఆధార్ అని ఉంటది, అందులో చివరి 4 అంకెలే కనపడతయి. సరిపోయేకాడ అదే ఇయ్యండి. పూర్తి జిరాక్స్ ఇయ్యక తప్పకపోతే దాని మీద అడ్డంగా తారీఖు, ఏ పనికి ఇచ్చిండ్రో రాయండి.

మూడు, "ముద్ర పడలేదు, ఇంకోసారి పెట్టు" అంటే ఆగండి. మొదటిసారి ఏమైందో రశీదు చూపించమనండి. చదువు రాకపోతే పక్కన పిల్లగాన్ని నిలబెట్టుకోండి. సిగ్గుపడాల్సింది అడిగేటోళ్లు కాదు.

ఇంత చేసినా పైసలు పోతే? ఏడ్చుకుంట ఇంట్ల కూసోవద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయండి, బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇయ్యండి, దాని మీద ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు ఒక ఆదేశం ఇచ్చింది. తప్పు మీది కాక, బ్యాంకుది కూడా కాక, మధ్యల ఎవడో దొంగ తీస్తే, బ్యాంకు నుంచి కబురు వచ్చినంక 3 పని దినాల లోపల చెప్తే మీ మీద ఒక్క రూపాయి భారం పడదు. తప్పు బ్యాంకుదైతే మీరు చెప్పినా చెప్పకపోయినా భారం బ్యాంకుదే. 4 నుంచి 7 పని దినాల మధ్య చెప్తే, జీరో బ్యాలెన్స్ ఖాతాకు మీ నష్టం 5,000 దాటొద్దు. మీరు చెప్పిన 10 పని దినాల్లో ఆ పైసలు ఖాతాలో చూపించాలె, 90 రోజుల్లో తేల్చాలె. తప్పు మీదే అని రుజువు చేసే బాధ్యత కూడా బ్యాంకుదే. కానీ ఓటీపీ మీరే చెప్తే, బ్యాంకుకు తెలిపేదాక పోయినవన్నీ మీ ఖాతాలోకే పోతయి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రోజులు లెక్కించేది బ్యాంకు మెసేజ్ నుంచి. ఖాతాకు ఇచ్చిన నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌దైతే మెసేజ్ మీకు రాదు. రేపే పోయి నంబరు మార్పించుకోండి, పాస్‌బుక్ ఎక్కించుకోండి.

పైసలు పోతే కనీసం తెలుస్తది. మీ పేరు మీద ఎవడో అప్పు తెస్తే తెలియదు. విత్తనాల కాలంలో పంట రుణానికి పోతే "పాత బాకీ ఉన్నది" అంటరు. అప్పటికి అదను పోతది. దీనికీ దారి ఉన్నది. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలు మన అప్పుల చిట్టా రాస్తయి. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి ఆ చిట్టాను ఉచితంగా ఇయ్యాలె. అందులో మీరు తీసుకోని అప్పు కనపడితే ఆ కంపెనీకి, అప్పిచ్చినోళ్లకు ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలె.

మీరు నిజంగా తీసుకున్న అప్పుకు కూడా హక్కులు ఉన్నయి. వడ్డీ ఎంత, ఖర్చులు ఎన్ని, మొత్తం ఎంత కట్టాలె అన్నది ఒక కాయిదం మీద, మీకు అర్థమయ్యే భాషలో రాసి ఇయ్యాలె. తెలుగులో ఇయ్యమని అడగండి. వసూలుకు వచ్చేటోళ్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయొద్దు, బెదిరించొద్దు, చుట్టాల ముంగట పరువు తీయొద్దు. 2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపులకు మన తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నోళ్లు ఉన్నరు. అప్పు కట్టకపోవడం ప్రాణం తీసుకునేంత నేరం కాదు. బెదిరించడం నేరం.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇయ్యకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కు ఫోన్ చేస్తే ఎట్ల పెట్టాలో చెప్తరు.

ఇంటికి పోయినంక ఒక్క పని చేయండి. 1930, 1947, 14448 నంబర్లు గోడ మీద బొగ్గుతో రాయండి. చదువుకున్న పిల్లలారా, ఈ ఆదివారం మీ తండాలో పది ఇండ్ల పాస్‌బుక్కులు చదివి పెట్టండి. తాతలకు అప్పుడు చదివి పెట్టేటోళ్లు లేకుండె. ఇప్పుడు మీరు ఉన్నరు.

రాం రాం.