సాఫ్ట్‌వేర్ రచయితకు ఒకే కవిలెకట్ట

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు వసంతాలు నిండిన తెలుగు పాఠశాల వేడుకలో కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేవారి పని అమరికను గురించిన ప్రసంగం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఈ పాఠశాల వెలసినది బెంగళూరు నగరంలో. 1983లో ఇన్ఫోసిస్ సంస్థ ఈ నగరానికి తరలివచ్చినది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఇక్కడ తన పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినది. తరతరాలుగా ఈ నేలపై స్థిరపడిన తెలుగు కుటుంబాల బిడ్డలు కూడ కాలక్రమాన ఆ రంగంలో ప్రవేశించారు. ఎక్కాలు తెలుగులో వల్లెవేసి, ఇరుగుపొరుగుతో కన్నడంలో సంభాషించి, ఇంగ్లీషులో ఉద్యోగం చేసే ఆ యువతీ యువకులకు ప్రోగ్రాము వ్రాయడం అంత కష్టం కాదు. చెదిరిపోయే పనిని, దానితోపాటు చెదిరిపోయే ఆలోచనను ఒకచోట నిలుపుకోవడమే కష్టం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బల్లను చూచినవారికి అక్కడ కాగితాలు కనిపించవు. అంతా శుభ్రంగా ఉన్నట్లు తోస్తుంది. కాని తెర మీద చూస్తే ఒక కిటికీలో ప్రోగ్రాము, మరొక దానిలో ఆజ్ఞలిచ్చే టెర్మినల్, వేరొక చోట ఈమెయిలు, ఇంకొక చోట సహోద్యోగుల సందేశాలు, దోషాల పట్టిక, సమావేశాల క్యాలెండరు, సగం వ్రాసి విడిచిన వివరణ పత్రం. వీనిలో ప్రతి పనిముట్టూ మంచిదే. అన్నీ కలిసినప్పుడు మాత్రం “అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది” అన్న సామెత గుర్తుకు వస్తుంది.

బోధనాభ్యసన శాస్త్రం చదివినవారికి జార్జ్ మిల్లర్ పేరు సుపరిచితం. మనిషి తక్షణ స్మృతిలో నిలిచే అంశాలు ఏడు దరిదాపులలో ఉంటాయని ఆయన 1956లో ప్రతిపాదించారు. 2001లో నెల్సన్ కవన్ ఆ సంఖ్యను నాలుగు దరిదాపులకు తగ్గించారు. ఒక పని నుండి మరొక పనికి మారినప్పుడు మొదటి పని తాలూకు ధ్యాస కొంత మనస్సులోనే మిగిలిపోతుందని 2009లో సోఫీ లెరాయ్ తన పరిశోధనలో చూపారు. తరగతి గదిలో మాటిమాటికి తలుపు తెరిస్తే పాఠం ఏమవుతుందో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రోగ్రామరు కిటికీ మార్చిన ప్రతిసారీ అటువంటి తలుపే ఒకటి తెరుచుకుంటున్నది.

ఒకచోట కూర్చుకోవడం అనే ఊహ తెలుగువారికి కొత్త కాదు. వెనుకటి కరణాలు ఊరి లెక్కలను తాటాకులపై వ్రాసి, ఆకులకు రంధ్రం చేసి, త్రాట గ్రుచ్చి కట్టగా ఉంచేవారు. దానినే కవిలెకట్ట అన్నారు. ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత అన్న వివాదం వస్తే కట్ట విప్పి చూచేవారు. సాఫ్ట్‌వేర్ రచయితకు కూడ నేడు కావలసినది అటువంటి కట్టయే.

ఆ దిశగా పాశ్చాత్య దేశాలలో జరిగిన కృషి చిన్నది కాదు. 1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తొంబది నిమిషాల ప్రదర్శన ఒకటి ఇచ్చారు. మౌస్ అనే చేతి పరికరాన్ని నాటి సభ చూచి ఆశ్చర్యపోయినదని అందరూ చెప్పుకుంటారు. కాని ఆయన ఆశయం మౌస్ కాదు. వ్రాత, పట్టిక, ఒక పత్రం నుండి మరొక పత్రానికి లంకె, దూరాన ఉన్న సహచరునితో కలిసి పనిచేయడం, ఇవన్నీ ఒకే వ్యవస్థలో ఇమడాలన్నదే ఆయన సంకల్పం. 1976లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ ప్రభృతుల కృషితో ఈమాక్స్ అనే వ్రాత సాధనం పుట్టినది. దాని ఉచిత రూపమైన గ్నూ ఈమాక్స్ 1985లో వెలువడినది. వాడేవారు తమ అవసరానికి తగినట్లు తామే దానిని పెంచుకోవచ్చు. 1984లో డొనాల్డ్ నూత్ మరొక మెట్టు ఎక్కి, ప్రోగ్రామును యంత్రానికి ఇచ్చే ఆజ్ఞల వరుసగా గాక, సాటి మనిషికి వివరించే వ్యాసంగా వ్రాయాలని ప్రతిపాదించారు. తాను రచించిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామును ఆ పద్ధతిలోనే 1986లో గ్రంథంగా ప్రకటించారు.

ఈ రెండు పాయలూ కలిసిన చోటు ఆర్గ్ మోడ్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్స్టెన్ డొమినిక్ తన పరిశోధన పనులను, వ్రాతలను చక్కబెట్టుకొనేందుకు 2003లో ఈమాక్స్ లోపల దీనిని నిర్మించారు. 2007లో వెలువడిన ఈమాక్స్ 22తో పాటే అది అందరికీ లభించినది. ఖగోళ శాస్త్రజ్ఞుని చేతిలో పుట్టినందుకు కాదు గాని, దీనిలో శీర్షికకు గుర్తు నక్షత్రమే. ఒక నక్షత్రం పెద్ద శీర్షిక, రెండు నక్షత్రాలు ఉపశీర్షిక. దాని క్రింద సాదా అక్షరాలలో ఏమైనా వ్రాసికొనవచ్చు. అది చేయవలసిన పనియా, ముగిసిన పనియా, గడువు ఎన్నడు, ఎంత సేపు పట్టినది అన్నవి ఆ శీర్షికకే తగిలించవచ్చు. ప్రోగ్రాములోని ఫలానా వరుసకు లంకె పెట్టవచ్చు. ప్రోగ్రాము ముక్కను వ్రాతల నడుమనే ఉంచి, అక్కడికక్కడే నడిపించి, ఫలితాన్ని దాని క్రిందనే చూచుకోవచ్చు.

దీని విలువ ఒక లెక్కతో తెలుస్తుంది. బ్యాంకు వడ్డీ కట్టే ప్రోగ్రామును ఉదాహరణగా తీసికొనవచ్చు. లక్ష రూపాయలకు ఏటికి 7.3 శాతం బారువడ్డీ అయితే 7,300 రూపాయలు. దానిని 365తో భాగిస్తే దినానికి 20 రూపాయలు. లీపు సంవత్సరంలో 366 దినాలకు అదే చొప్పున కడితే 7,320 రూపాయలు అవుతుంది. ఆ ఏడాదికి 366తోనే భాగిస్తే మరల 7,300 వద్దనే నిలుస్తుంది. ఏది సరియైనది? గణితం రెండింటినీ కాదనదు. నిర్ణయించవలసినది బ్యాంకు నిబంధన.

ఇప్పుడు ఒక ఖాతాదారు నుండి ఫిర్యాదు ఈమెయిలులో వచ్చినదనుకొనవచ్చు. ప్రోగ్రామరు నిబంధన ఏమిటని సందేశాల కిటికీలో అడిగినాడు. అధికారి ఫోనులో సమాధానం చెప్పినారు. ఒక్క వరుస మార్చి, “వడ్డీ సవరణ” అని రెండు మాటలు వ్రాసి, పని ముగించినాడు. నాలుగేండ్లకు మరల ఫిబ్రవరి 29 వచ్చేసరికి ఆ కుర్చీలో మరొకరు ఉన్నారు. ఆమెకు ఆ వరుస పొరపాటుగా కనిపించినది. కారణం చెప్పే కాగితం ఎక్కడా లేదు. నిజాయితీగా దానిని దిద్ది, పాత దోషాన్నే తిరిగి తెచ్చినది. ఇద్దరిలో ఎవరూ అసమర్థులు కారు. పని నిలిచినది, కారణం నశించినది. అదే వచ్చిన చిక్కు.

ఒకే కట్టలో ఇది ఎట్లా ఉండేది? “లీపు సంవత్సరపు వడ్డీ తేడా” అని ఒక శీర్షిక. దాని క్రింద ఫిర్యాదు సారాంశం, అధికారి చెప్పిన నిబంధన, చెప్పిన తేదీ, మార్చిన వరుసకు లంకె, పైన చేసిన చిన్న లెక్కయే పరీక్షగా, దాని ఫలితం, చివర “ఇందుచేత ఇట్లు చేయడమైనది” అన్న ఒక వాక్యం. వ్రాయడానికి కొద్ది నిమిషాలు చాలును. లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే వేసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయరు. సోపానాలు చూపమంటారు. ఆ శిక్షణ ఉద్యోగంలో కూడ వదలరానిది.

పనిముట్టు ఏదైనప్పటికీ అమరికకు నాలుగు సూత్రాలు ఉన్నాయి. మొదటిది, తోచిన పనిని తోచిన క్షణంలో ఒకే చిత్తు పుటలో వ్రాసి, చేతిలో ఉన్న పనికి వెంటనే మరలడం. రెండవది, ప్రతి విషయానికి ఒకే నివాసం. రెండు చోట్ల వ్రాస్తే కొన్నాళ్ళకు రెండూ పొసగకుండా పోతాయి. మూడవది, చేసిన పని పక్కనే కారణం. నాలుగవది, వారానికి ఒక్కమారు చిత్తు పుట అంతా చూచి, ఉంచవలసినది తగిన శీర్షిక క్రిందకు చేర్చి, మిగిలినది కొట్టివేయడం. ఈ నాలుగవది తప్పిన కట్ట చెత్తబుట్ట అవుతుంది.

ఇందులో ప్రమాదాలు కూడ ఉన్నాయి. అమర్చుకోవడమే పనిగా మారి, అసలు పని వెనుకబడటం ఒకటి. ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్నారు గాని, రోజంతా ఇల్లు సర్దుతూ పొయ్యి వెలిగించకపోతే ఎవరూ మెచ్చరు. అన్నింటినీ ఒకే సంస్థ అరలో దాచడం మరొకటి. ఎందరో వాడిన ఆటమ్ అనే వ్రాత సాధనాన్ని దాని నిర్వాహకులైన గిట్‌హబ్ వారు 2022 డిసెంబరు 15న ముగించివేశారు. దానితో వ్రాసిన సాదా అక్షరాల దస్త్రాలు మాత్రం చెక్కు చెదరలేదు. వానిని ఏ ఇతర సాధనంతోనైనా తెరువవచ్చు. వ్రాత సాదాగా ఉండాలనడానికి కారణం ఇదే.

ఒకచోట ఉన్నది ఒక్కసారే పోవచ్చును కూడ. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి చేతిలో ప్రధాన సమాచార నిధి పొరపాటున తుడిచిపెట్టుకు పోయినది. పనిచేస్తున్నవనుకొన్న నకళ్ళ ఏర్పాట్లు అక్కరకు రాలేదు. ఆరు గంటల క్రితం మరొక పని కోసం తీసి ఉంచిన ప్రతి ఆదుకొన్నది. ఆ ఆరు గంటల సమాచారం దక్కలేదు. జరిగినదంతా ఆ సంస్థ దాచక లోకానికి ప్రకటించడం మెచ్చదగినది. కట్ట ఒక్కటే కావచ్చు గాని, నకలు ఒక్కటే కాకూడదు. తీసిన నకలు తిరిగి తెరుచుకుంటుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించవలె. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ పద్ధతిలో సాధారణంగా ప్రతి ప్రతిలోనూ పూర్వ చరిత్ర అంతా ఉంటుంది గనుక ఈ పనికి అది మిక్కిలి అనుకూలం. రహస్య సంకేత పదాలు, ఖాతాదారుల స్వవిషయాలు మాత్రం ఈ కట్టలో ఎన్నడూ చేరరాదు. పదిమందికి సంబంధించిన నిర్ణయాలను ఒకరి కట్టలోనే బంధించి ఉంచడమూ తగదు. అవి బృందానికి అందుబాటులో ఉండవలె.

చివరగా ఈ పాఠశాల ప్రాంగణంలోనే చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో సమావేశాలలో మౌనంగా ఉండిపోవడం కద్దు. విషయం తెలియక కాదు, ఇంగ్లీషు వాక్యం సమయానికి నోటికి రాక. వ్రాసుకొనేది కూడ ఇంగ్లీషులోనే కావాలన్న సంకోచంతో వారు వ్రాయడమే మానుకుంటారు. అక్కడ నష్టపోయేది భాష ఒక్కటే కాదు, ఆలోచన కూడ.

ఈ సంకోచానికి ఇప్పుడు సాంకేతికమైన కారణం లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించినది. 2009 నాటి ఈమాక్స్ 23 తన అంతర్గత వ్రాతకు ఆ ప్రమాణాన్నే ఆధారం చేసికొన్నది. ప్రోగ్రాము ముక్క ఇంగ్లీషు అక్షరాలలోను, దాని పక్కనే కారణం తెలుగులోను ఒకే దస్త్రంలో ఉండవచ్చు. పనుల స్థితిని తెలిపే గుర్తులను సైతం “మిగిలినది”, “అయినది” అని తెలుగులో పెట్టుకోవచ్చు. సొంత చిత్తు పుటలో మాతృభాషలో ఆలోచనను తేటపరచుకొని, తరువాత బృందం కోసం నాలుగు ఇంగ్లీషు వాక్యాలుగా మార్చుకొన్నవారు సమావేశంలో మాటకోసం తడుముకోరు. ఆలోచన తేటపడిన పిమ్మట భాష దాని వెంట నడుస్తుంది. ఇంగ్లీషు నేర్వనక్కరలేదని దీని భావం కాదు. నేర్చుకొనేటంత కాలం ఆలోచనను వాయిదా వేయనక్కరలేదని భావం.

చిరంజీవులారా! రేపు మీలో కొందరు ఈ వృత్తిలో అడుగుపెట్టవచ్చు. సాధనాలు మారుతాయి, నేటి పేర్లు రేపు వినిపించకపోవచ్చు. చేసిన పనిని ఒకచోట ఉంచడం, ఎందుకు చేసినదీ దాని పక్కనే వ్రాయడం, మీ తరువాత వచ్చేవారు చదువుకోగలిగేటట్లు విడిచిపెట్టడం అన్న మూడు అలవాట్లు మాత్రం ఏ సాధనంతోనైనా పనికివస్తాయి. వానికి పునాది ఈ తరగతి గదులలోని చిత్తు పుస్తకంలోనే పడుతుంది. ఈ సరస్వతీ నిలయం మరిన్ని దశాబ్దాలు వర్ధిల్లుగాక!

స్వస్తి.