రాత్రి ఎవరి దఖలు?

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆవిడ పేరు నా వెనక బ్యానర్ మీద పెద్దక్షరాలతో ఉంది. మాకు మాత్రం ఆవిడ వార్డెన్ మేడమే. ఇంకోలా పిలవడానికి ఇప్పటికీ నోరు తిరగదు. బొడ్లో తాళంచెవి, చంకలో రిజిస్టరు. సాయంత్రం 6:30కల్లా హాస్టల్ గేటు పడేది. అబ్బాయిల హాస్టల్‌కి అసలు గేటే లేదు, రెండు రాతి స్తంభాలుండేవి అంతే.

రాత్రి వీధుల్లో భద్రత కోసం విద్యార్థులు చేసే నడకల గురించి మాట్లాడమన్నారు. ఆ గేటు దగ్గర మొదలుపెట్టకపోతే నాకు మాట రాదు.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రి సెమినార్ హాల్లో, రాత్రి డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టర్ శవమై కనిపించింది. అత్యాచారం చేసి చంపేశారు. ఒకటి రెండు రోజుల్లోనే రిమ్‌ఝిమ్ సిన్హా అనే ప్రెసిడెన్సీ యూనివర్సిటీ పూర్వ విద్యార్థిని సోషల్ మీడియాలో ఒక పిలుపు పెట్టింది. ఆగస్టు 14 రాత్రి, 11:55కి బయటికి రండి అని. అనుకున్నవి మొదట మూడు చోట్లు: కాలేజ్ స్ట్రీట్, అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, జాదవ్‌పూర్ 8బి బస్టాండ్. తీరా చూస్తే చిన్న చిన్న ఊళ్ళలో కూడా జనం కదిలారు. విద్యార్థినుల పక్కన ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, ఆఫీసు ఉద్యోగినులు, మనవరాళ్ళ చెయ్యి పట్టుకున్న అమ్మమ్మలు. అదే రాత్రి ఒక గుంపు ఆ ఆసుపత్రిలోకి చొరబడి విధ్వంసం చేసింది. అదీ మరవకూడదు.

ఆ నడకల నినాదం 'రాత్ దఖల్'. ఆ మాట మనకు పరాయిది కాదు. పొలం అమ్మిన దస్తావేజులో 'స్వాధీనం దఖలు పరిచాను' అని రాస్తాం. మనకు దఖలు అంటే ఒకరు పరిచేది, బెంగాలీలో దఖల్ అంటే మనమే వెళ్ళి చేసుకునేది. ఆ ఒక్క తేడాలోనే ఉంది నా ఉపన్యాసమంతా.

ఎందుకంటే, రాత్రి కావాలని అడిగినప్పుడల్లా మనకు దఖలు పడేది తాళమే. కోల్‌కతా నడక జరిగిన మూడు రోజులకే రాష్ట్ర ప్రభుత్వం భద్రతా చర్యలు ప్రకటించింది. అందులో ఒకటి, వీలైనంతవరకు ఆడవాళ్ళకు రాత్రి డ్యూటీ వెయ్యకపోవడం. సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. ఆడవాళ్ళు రాత్రి పనిచేయకూడదనడం కాదు, భద్రత కల్పించడం మీ బాధ్యత అంది. 2019లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య జరిగాక, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వద్దని మన తెలంగాణ అప్పటి ముఖ్యమంత్రి కూడా చెప్పారు. అప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాననుకుంటాను.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 1970లలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక హంతకుడు వరసగా ఆడవాళ్ళను చంపుతుంటే, చీకటి పడ్డాక బయటికి రావద్దని పోలీసులు ఆడవాళ్ళకే చెప్పారు. కర్ఫ్యూ పెడితే మగవాళ్ళకు పెట్టండి అంటూ 1977 నవంబరు 12న లీడ్స్‌లో, మరికొన్ని ఊళ్ళలో స్త్రీలు దివిటీలతో నడిచారు. మూడేళ్ళ తరవాత అదే లీడ్స్‌లో ఒక విద్యార్థిని బస్సు దిగి హాస్టల్‌కి నడిచి వెళ్తూ అతని చేతిలో చనిపోయింది. 1981 జనవరిలో అతను దొరికేసరికి 13 మంది పోయారు. అంతకుముందే పోలీసులు అతన్ని పలుమార్లు ప్రశ్నించి వదిలేశారు. కట్టడి ఆడవాళ్ళకు, తిరుగుడు అతనికి.

ఈ నడకల్లో నన్ను ఆకట్టుకునేది నినాదాల కంటే వేగం. రాత్రి ఒంటరిగా వెళ్ళే ఆడపిల్ల నడవదు, దాటుతుంది. తలొంచుకుని, చెవి దగ్గర ఉత్తుత్తి ఫోను పెట్టుకుని. ముంబై వీధుల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్' పుస్తకంలో చెప్పినదీ ఇదే: వీధిలో ఆడమనిషి ఎప్పుడూ ఏదో పనిమీద ఉన్నట్టు కనబడాలి. ఊరేగింపులో ఆ అమ్మాయే రోడ్డు మధ్యన నింపాదిగా నడుస్తుంది. మూసిన కొట్ల బోర్డులు చదువుతుంది. ఏ సందులో లైటు లేదో, ఏ బస్టాపులో బెంచీ లేదో అప్పుడు కనబడుతుంది. పరిగెత్తేవాళ్ళకు కనబడవు.

మేడమ్ దగ్గరికి వస్తాను. ఒకసారి మేం ముగ్గురం ఫస్ట్ షోకి వెళ్ళి, బస్టాండు నుంచి దీపాల్లేని రోడ్డు మీద చేతులు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాం. టైము 9:40. ఆవిడ టార్చి పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. తిట్టలేదు. తాళం తీశారు, మేం లోపలికి రాగానే మళ్ళీ వేశారు. మర్నాడు రిజిస్టరు చూస్తే, మా ముగ్గురి పేర్ల ఎదురుగా ఆవిడ గుండ్రటి దస్తూరీలో 6:25 అని ఉంది.