ఆరోగ్యానికి ప్రకృతి ఒక్కటే చాలునా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈమధ్య మన ఇళ్ళలో ఒక మాట తరచుగా వినబడుతోంది. "మా దాదీమా తొంభై ఏళ్ళు బతికింది. సూదిమందు ఎరగదు. జొన్నరొట్టె తిన్నది, బావినీళ్ళు తాగింది. ఈ టీకాలూ మందులూ వచ్చాకే రోగాలు ఎక్కువైనాయి" అని. ఫోన్లలో వచ్చే వీడియోలు దీనికి తోడైనాయి. ఇందులో నిజమెంతో ఇవాళ మనమంతా కలిసి ఆలోచిద్దాం.

జొన్నరొట్టె మంచిదే, ఒళ్ళు వంచి పనిచేయడమూ మంచిదే. అందులో మాకు భేదాభిప్రాయం లేదు. కాని దాదీమా వయస్సు చెప్పేవాళ్ళం, ఆమె తోబుట్టువుల సంగతి అడగం. ఆ తల్లికి ఎన్ని కాన్పులు? అందులో ఎందరు పెరిగి పెద్దవాళ్ళైనారు? బతికి బట్టకట్టినవాళ్ళు మన కళ్ళముందున్నారు. పోయిన పసివాళ్ళు ఖబరస్తానులో పేరులేని చిన్న మట్టిదిబ్బలై ఉన్నారు. లెక్క వేసేటప్పుడు వాళ్ళనూ కలపాలి గదా!

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70కి చేరువైంది. 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఆ రోజుల్లో పొలాల్లో పురుగుమందు తక్కువ. అయినా పిల్లలు దక్కలేదు. ఇప్పుడు దక్కుతున్నారు. తిండి కాస్త మెరుగైన మాట నిజమే. దానికి తోడుగా వచ్చినవి టీకా, మందు, ఆసుపత్రి కాన్పు, మంచినీరు.

మశూచి సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. "అమ్మవారు పోసింది" అని వేపాకు పరిచి పడుకోబెట్టేవారు. పెద్ద మశూచి సోకిన పదిమందిలో ముగ్గురు పోయేవారు. మిగిలినవాళ్ళకు మొహాన మచ్చలు, కొందరికి చూపు పోయేది. వేపచెట్టు మన ఊళ్ళలో ఎప్పుడూ ఉన్నది, కాని మశూచిని ఆపలేకపోయింది. ఇంటింటికీ తిరిగి వేసిన టీకా ఆపింది. 1975 మే తరువాత మన దేశంలో మశూచి వ్యాపించలేదు. 1980 మేలో లోకమంతటా అంతరించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

టీకా పరాయివాళ్ళదని కొందరి అనుమానం. మశూచికీ తట్టుకూ తేడా చెబుతూ వెయ్యేళ్ళ క్రితమే గ్రంథం రాసినవాడు హకీం అల్ రాజీ. మశూచి కురుపు రసిని చిన్న గీటులో అంటించి రోగాన్ని నివారించే పద్ధతిని 1717లో టర్కీలో చూసి ఇంగ్లండుకు తెలియజేసింది బ్రిటిష్ రాయబారి భార్య మేరీ మాంటెగూ. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అంతకంటే అపాయం తక్కువైన ఆవు మశూచి టీకాను పరీక్షించి చూపాడు. కాబట్టి ఈ విద్యలో మన పూర్వీకుల వాటా కూడా ఉన్నది. మన వాటాను మనమే కాదనుకోవడం న్యాయమా?

ఇక నీటి సంగతి. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ మన పల్నాటి బీళ్ళను పచ్చగా చేసింది. కాని పైరుకు మంచిదైన నీరు కడుపుకు మంచిదని చెప్పలేం. ఇక్కడ మనవాళ్ళు ఒక విషయం గ్రహించాలి. పారే నీరు పాక్, దానితో వుజూ చేసుకోవచ్చు. అది శరీఅత్ విషయం. అదే నీటిలో కంటికి కనబడని క్రిమి ఉండవచ్చు. అది వైద్యం విషయం. రెంటికీ విరోధం లేదు. వుజూకు పనికొచ్చే నీటిని తాగేముందు కాచి చల్లార్చుకుంటే ఏ దోషమూ లేదు.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో మురుగు తాగునీటి గొట్టాల్లో కలిసి అతిసారం ప్రబలింది. వందలమంది ఆసుపత్రి పాలైనారు, పదిమందికి పైగా చనిపోయారు. ఆ పేటలో మన బంధువులు లేని ఇల్లు ఇక్కడ అరుదు. అంతటి కీడును ఆపగలిగేది కషాయం కాదు. మురుగుకు దూరంగా గట్టి గొట్టం, నీటిలో క్లోరిన్, చేతికి సబ్బు — ఇవీ ఆపేవి.

విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు పోయడం మానకూడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీరు తాగించారు. వందకు ముప్ఫై వరకూ ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవండి.

పసిరికలకు పసరు మందు విషయం చెప్పక తప్పదు. కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది! కాని గర్భిణీ స్త్రీకి 'ఇ' రకం కామెర్లు వస్తే ప్రాణాపాయం. అక్కడ పసరు కోసం పోగొట్టిన ఒక్క రోజు తల్లినీ బిడ్డనూ తీసుకుపోవచ్చు. రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వచ్చే 'బి' రకానికి టీకా ఉన్నది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి మోతాదు పడాలి. దీనిని మన దేశంలో మొదట తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్.

కుక్క కరిస్తే కారం, సున్నం, పసరు పెట్టవద్దు. సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళండి. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. మిరప, పత్తి చేలల్లో పాము కరిస్తే మంత్రగాడి ఇల్లు వెతకవద్దు. విషానికి విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉన్నది. తావీదు కట్టించుకుంటామంటే మేము కాదనము. దువా చేస్తూనే ఆటో ఎక్కించండి.

మేము మూలికకు శత్రువులం కాము. మలేరియాకు నేడు వాడే ఆర్టెమిసినిన్ ఒక మొక్క నుంచే వచ్చింది. దానిని వెలికితీసిన చైనా శాస్త్రవేత్త టు యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే దానిని పరీక్షించారు, మోతాదు నిర్ణయించారు. మూలికకూ మందుకూ తేడా అదే. అట్లాగే ప్రతి జ్వరానికీ "సూది వేయండి డాక్టరుగారూ" అని పట్టుబట్టడం కూడా ఆధునిక వైద్యం కాదు.

చివరగా సభ్యులకు మూడు మనవులు. ప్రతి ఇంట్లో పిల్లల టీకా కార్డు నిఖానామా అంత భద్రంగా ఉంచండి. మసీదు హౌజునూ, ఇంటి నీళ్ళ తొట్టినీ వేళకు కడిగించండి. బక్రీదునాడు ఖుర్బానీ వ్యర్థాలను కాలువలో వేయక లోతుగా పూడ్చండి. వీటికి పెద్ద చందాలు అక్కర్లేదు, పట్టుదల ఉంటే చాలు.

అల్లాహ్ మన పిల్లలకు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక! ఖుదా హాఫిజ్.