బార్బరా టక్‌మన్ చరిత్ర రచన

ముగింపు తెలిసిన కథను ఉత్కంఠతో చదివించుట సామాన్యమా? 1914లో జర్మను సేనలు మార్న్ నది యొద్ద నిలిచిపోయెనని అందఱకు తెలియును. అయినను బార్బరా టక్‌మన్ రచించిన 'ది గన్స్ ఆఫ్ ఆగస్ట్' చదువునపుడు, పారిస్ నగరము పడిపోవునేమో యని మేము పుటపుటకును భయపడితిమి. తరువాత జరిగినది ముందే చెప్పకుండుటయే ఆమె పట్టిన నియమము.

1912లో న్యూయార్కున జన్మించిన ఆమె రాడ్‌క్లిఫ్ కళాశాల పట్టభద్రురాలు. పరిశోధన పట్టము లేదు. లేకుండుటయే తన కలమును కాపాడినదని ఆమె తలంపు. ముగ్గురు కుమార్తెలను పెంచుచు వ్రాసినది. ఈ గ్రంథము కొఱకు చిన్న రెనో కారు అద్దెకు తీసికొని బెల్జియము, ఫ్రాన్సు రణభూములు తిరిగి, లియేజ్ వద్ద మ్యూజ్ నది వెడల్పెంతయో చూచి వచ్చెను. సాక్ష్యము లేనిదే ఆమె పుస్తకమున వాన కూడ కురియదు! సెర్బియా రంగమును విడిచిపెట్టుట మాత్రము మాకు వెలితిగనే తోచినది. నిప్పు రాజుకొన్నది అచ్చటనే గదా.

1962లో వెలువడిన ఈ గ్రంథమునకు మఱుసటి యేడు పులిట్జర్ బహుమానము వచ్చెను. అంతకన్న పెద్ద సంగతి వేఱొకటి కలదు. 1962 అక్టోబరులో, క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడిన దినములలో, అధ్యక్షుడు కెనడీ దీనిని తలచికొనెను. ఆ అక్టోబరును గూర్చి ఇట్టి పుస్తకమే మఱొకరు వ్రాయవలసివచ్చునట్లు తాను నడచుకొననని తమ్ముడు రాబర్టుతో అనెను.